దొర లేని ఊరు నడిచిన తీరు

దొర గడీ విడిచి పట్నం పారిపోతే ఊరిని నడిపేదెవరు? 1947-48లో వరంగల్, నల్గొండ జిల్లాల పల్లెలు దీనికి ‘గ్రామరాజ్యం’తో జవాబిచ్చాయి. నేటి ఖమ్మం ప్రాంతం అప్పుడు వరంగల్ జిల్లాలోనిదే.

1947 సెప్టెంబరులో సాయుధ పోరాటానికి పిలుపు వచ్చాక సుమారు 3 వేల గ్రామాలు సంఘం చేతికి వచ్చాయని పోరాట నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. పటేలు, పట్వారీల పెత్తనం పోయిన చోట గ్రామ కమిటీలు ఏర్పడ్డాయి. వెట్టి ఆగింది. దొరలు లాక్కున్న భూములు, బంజర్లు పంచారు. మొదట 500 ఎకరాలున్న కమతం పరిమితి చివరకు ఖుష్కీ 100, తరి 10 ఎకరాలకు దిగింది. మొత్తం 10 లక్షల ఎకరాలు పంచినట్లు సంఘం లెక్క. కూలి రేట్లు, గట్టు తగాదాలు, ఆలుమగల పంచాయతీలు కమిటీయే తీర్చేది. కాపలా దళాలది.

అయితే దళం తుపాకే అక్కడ పోలీసు, అదే కచేరీ. ద్రోహి అన్న ముద్ర పడినవాడికి అప్పీలు చేసుకోవడానికి మరో గడప లేదు.

1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యాలు వచ్చాయి. దళాలు అడవి పట్టాయి, దొరలు తిరిగొచ్చారు. పంచిన భూమికి సర్కారు పట్టా లేదు. చాలాచోట్ల రైతు చేతినుంచి అది జారిపోయింది. కౌలుదార్లకు రక్షణ కల్పిస్తూ 1950లో చట్టం వచ్చింది. 1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించారు. పోరు సాగిన పల్లెల్లో మాత్రం వెట్టిని మునుపటిలా నిలబెట్టడం దొరల వల్ల కాలేదు.