2020లో నేరాల లెక్క: పెరిగినదేమి, తగ్గినదేమి?

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలై మన షోలాపూర్ మరమగ్గాలు ఆగిపోయినవి. వీధులు నిర్మానుష్యమైన ఆ సంవత్సరమే దేశంలో నమోదైన నేరాలు 28 శాతం పెరిగి 66 లక్షలు దాటినవని జాతీయ నేర రికార్డుల బ్యూరో తెలిపినది.

ఇందుకు ముఖ్య కారణం లాక్‌డౌన్ ఉల్లంఘనలు. ప్రభుత్వ ఉత్తర్వులను ధిక్కరించిన కేసులు 2019లో సుమారు 29 వేలుండగా, 2020లో 6 లక్షలు దాటినవి. దొంగతనాలు తగ్గినవి, సైబర్ నేరాలు మాత్రం పెరిగి 50 వేలకు చేరినవి.

మహిళలపై నేరాల కేసులు 8 శాతం తగ్గినవి. అయితే ఇది ఊరట కాదు. అదే ఏడు జాతీయ మహిళా కమిషన్‌కు అందిన గృహహింస ఫిర్యాదులు సుమారు 3 వేల నుండి 5 వేలకు పైగా పెరిగినవి. హింసించువాడు ఇంటనే ఉన్నప్పుడు బాధితురాలు స్టేషన్‌కు వెళ్లుట కష్టం.

నమోదు కాని నేరానికి దర్యాప్తు ఉండదు. కావున నేతపేటల తెలుగువారు మరాఠీ వ్రాయుట రాదని వెనుకాడరాదు. తీవ్రమైన నేరమును నోటిమాటగా చెప్పినను పోలీసులు వ్రాసుకొని, చదివి వినిపించి, ఎఫ్‌ఐఆర్ ప్రతిని ఉచితంగా ఇవ్వవలెను.

అత్యవసరమునకు 112, మహిళలకు 181, ఆన్‌లైన్ మోసములకు 1930.