అన్‌ఫెయిర్ కాంట్రాక్ట్

వినియోగదారుల కేసుల వార్తల్లో కనిపించే మాట ఇది. వ్యాపారి పెట్టిన షరతులు కొనుగోలుదారు హక్కులను బాగా దెబ్బతీస్తే అది అన్‌ఫెయిర్ కాంట్రాక్ట్. వినియోగదారుల రక్షణ చట్టం–2019, సెక్షన్ 2(46) దీన్ని నిర్వచించింది. కారు బుక్ చేసి, లోన్ రాకో మనసు మారో వద్దనుకున్నవారికి ఇది అక్కరకొస్తుంది. రసీదు వెనక చిన్న అక్షరాల్లో ‘బుకింగ్ సొమ్ము వాపసు ఇవ్వబడదు’ అని ఉంటుంది. ఆ షరతు దానంతటదే చెల్లకుండా పోదు. డీలరుకు కలిగిన నష్టంతో పోలిస్తే కోత మరీ ఎక్కువైతే మాత్రం నిలదీయవచ్చు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ కూడా సహేతుకమైన పరిహారమే ఇవ్వాలంటుంది. రద్దు కోరుతూ రాతపూర్వకంగా తెలపండి, రసీదు దాచుకోండి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.