జిల్లేడుకు అమెరికా చుట్టం

రథసప్తమినాడు తలమీద జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేసినవాళ్ళం, వినాయక చవితి పత్రిలోకి జిల్లేడు వెదికి తెచ్చినవాళ్ళం మనలో చాలామందే ఉన్నాం. ఆ జిల్లేడుకు దగ్గర చుట్టం ఒకటి ఈ దేశంలోనూ ఉన్నది. పేరు మిల్క్‌వీడ్. ఆకు తుంచితే అవే పాలు, కాయ పగిలితే అదే దూది. రోడ్ల పక్కన, పొలం గట్లమీద, మన పెరళ్ళ చివర తనంత తానే మొలుస్తుంది. పురుగుల్ని దగ్గరగా ఫోటో తీయాలని సరదా ఉన్నవారికి ఇంతకంటె మంచి చోటు దొరకదు.

కారణం మోనార్క్ సీతాకోకచిలుక. దీని గొంగళిపురుగు మిల్క్‌వీడ్ జాతి ఆకులు తప్ప మరొకటి ముట్టదు. మన ఊళ్ళో జిల్లేడాకులు తినే చారల గొంగళిని చూసే ఉంటారు. అదీ ఇదీ డానాయస్ అనే ఒకే ప్రజాతివి. ఈ పాలలో గుండెమీద పనిచేసే విషాలున్నాయి. మేము ఆసుపత్రిలో వాడే డిజాక్సిన్ కూడా ఆ కోవలోదే. పురుగు ఆ విషాన్ని తట్టుకోవడమే కాక, ఒంట్లో దాచుకుంటుంది. లింకన్ బ్రోవర్ అనే శాస్త్రజ్ఞుడు 1960లలో బ్లూ జే పక్షులకు మోనార్కులను తినిపిస్తే, అవి తిన్నది కక్కుకుని, మళ్ళీ ఆ రెక్కల జోలికి పోలేదు. నలుపు, పసుపు, తెలుపు చారలు సింగారానికి కావు, హెచ్చరికకు. అందుకే ఈ గొంగళి దాక్కోదు. ఫోటోకు తీరిగ్గా కూర్చుంటుంది.

జూన్ వచ్చాక లేత ఆకుల అడుగున వెదకండి. మిల్లీమీటరు పొడవున పాలరంగు గుడ్డు కనిపిస్తుంది. సుమారు 4 రోజులకు పిల్ల. అది రెండు వారాలపాటు తింటూ, నాలుగుసార్లు కుబుసం విడిచి, దాదాపు రెండంగుళాలు పెరుగుతుంది. తరువాత బంగారు చుక్కలున్న పచ్చని గూడు. మరి 10 నుంచి 14 రోజులకు సీతాకోకచిలుక. ఒక్క నెలలో ఒక జీవితచరిత్ర మొత్తం మీ కెమేరాలోకి వస్తుంది.

100 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు ఉంటే మంచిదే. లేకపోతే 50 మిల్లీమీటర్ల లెన్సుకు అంతే పొడవున్న ఎక్స్‌టెన్షన్ ట్యూబు తగిలించినా పురుగు అసలు సైజులో పడుతుంది. ఆ దూరంలో ఎఫ్-11 పెట్టినా స్పష్టంగా వచ్చే లోతు మిల్లీమీటరు పైచిలుకే. కనుక కెమేరాను పురుగు ఒంటికి సమాంతరంగా పట్టాలి. ఫోకస్ రింగు కదపకుండా, మీరే వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ జరగాలి. వెలుతురు నాలుగోవంతుకు పడిపోతుంది గనుక ఫ్లాష్ కావాలి. దాని ముందు పల్చని తెల్ల కాగితం కడితే నీడలు మెత్తబడతాయి. తెల్లవారుజామున గాలి ఉండదు, చలికి పురుగులూ మందంగా ఉంటాయి. ఆకు తుంచి ఇంట్లోకి తేవద్దు. కొరికిన అంచు, పక్కనే పచ్చటి పేనుబంక, దానికోసం వచ్చిన చీమ, ఇవన్నీ ఉంటేనే అది ఆ పురుగు ఫోటో.

డాక్టరుగా రెండు మాటలు. మిల్క్‌వీడ్ పాలు కంట్లో పడితే ప్రమాదం. చేతులు కడుక్కోనిదే కన్ను నలపకండి. గడ్డిలో మోకరిల్లేటప్పుడు పాంటు సాక్సులోకి దోపుకోండి. లైమ్ జబ్బు తెచ్చే పిల్ల టిక్కు గసగసాల గింజంతే ఉంటుంది. ఇంటికి రాగానే ఒళ్ళంతా, పిల్లల తలలు కూడా, చూడండి. అంటుకుని ఉంటే చిమటాతో చర్మానికి ఆనించి పట్టి నిలువుగా లాగండి. సాధారణంగా 24 గంటలు దాటితేగాని జబ్బు అంటుకోదు. నెలలోగా ఎర్రని మచ్చ పాకినా, జ్వరం వచ్చినా డాక్టరుకు చూపించండి.

ఆఖరి తరం మోనార్కులు సెప్టెంబరులో న్యూజెర్సీలోని కేప్ మే మీదుగా దక్షిణానికి మళ్ళుతాయి. తాము ఎన్నడూ చూడని మెక్సికో కొండలకు, ముత్తాతలు చలికాలం గడిపిన చెట్లకు, చేరుకుంటాయి. ఆ చోటు శాస్త్రజ్ఞులకు తెలిసింది 1975లో. అక్కడ 1996-97 చలికాలంలో సుమారు 18 హెక్టార్ల అడవిని కప్పిన మోనార్కులు 2023-24లో ఒక్క హెక్టారు కూడా నిండలేదు. అడవి నరకడం, వాతావరణం మార్పుతోపాటు, కలుపుమందులతో మిల్క్‌వీడ్ పోవడం పెద్ద కారణం. 2024 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం దీనిని ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో చేర్చాలని ప్రతిపాదించింది.

లాను నున్నగా లేకపోతే ఇరుగుపొరుగు ఏమనుకుంటారోనని మనవాళ్ళకు బెంగ ఎక్కువ. మా పక్కింటాయన కూడా, "అది కలుపు కదా, పీకించరా?" అని అడిగాడు. మా అమ్మాయి ఆకు తిప్పి గొంగళిని చూపించింది. ఇప్పుడు ఆయన మనవలు రోజూ వచ్చి లెక్కపెట్టి పోతున్నారు. మీ ఊరి గడ్డి నిబంధనలు తెలుసుకుని, పెరటి మూల నాలుగు గజాలు అక్టోబరు దాకా కోయకుండా వదలండి. తీసిన ఫోటోల మీద తేదీ, ఊరు రాసి మన సంఘం పిక్నిక్కుకు తీసుకురండి. పిల్లలు తీసినవి ముందు వరుసలో పెడదాం.