ఒక్క సీసాడు ఇసుక



మా మేనకోడలు లండనులో కాపురముంటోంది. సెలవులకి స్పెయిన్ దేశపు గ్రాన్ కనారియా ద్వీపానికి వెళ్తున్నానంటే, "అక్కడి ఇసుక ఓ చిన్న సీసాడు పట్రావే, షోకేసులో పెట్టుకుంటాను" అన్నాను. ఉత్త చేతుల్తో వచ్చింది. మనసులో కాస్త నొచ్చుకున్నాను. కారణం విడమరచి చెప్పాక, అడిగినందుకే సిగ్గేసింది.

ఆ ద్వీపం ఆఫ్రికా పడమటి తీరానికి ఎదురుగా, అట్లాంటిక్ మహాసముద్రంలో ఉంది. దాని దక్షిణపు కొసన మస్పలోమస్ అనే చోట సుమారు 400 హెక్టార్ల మేర ఇసుక తిన్నెలు, సముద్రతీరం, పక్షులు వాలే మడుగు, 1890లో వెలిగించిన దీపస్తంభం ఉన్నాయి. 1987 నుంచి అది రక్షిత ప్రాంతం.

సహారా ఎడారి నుంచి గాలికి కొట్టుకొచ్చిన ఇసుకేమో అనుకున్నాను. కాదట. చాలావరకు అలలు తెచ్చి ఒడ్డున వేసిందే. నలిగిన గవ్వలూ, అరిగిన రాళ్ళూను. తూర్పు ఒడ్డున చేరిన ఇసుకను గాలి పడమటికి తోస్తుంది. తిన్నెలన్నీ దాటి అది మళ్ళీ సముద్రంలో కలుస్తుంది. వచ్చేదానికన్నా పోయేది ఎక్కువైతే? జీతం కన్నా ఖర్చు మించిన సంసారమే!

ఆ పోకను నిదానించేది ఒక పొద. అక్కడివాళ్ళు బలంకోన్ అంటారు. మన తులసికోట వెనకాల గాలికి దుమ్ము పోగవుతుంది చూశారా, అలాగే ఈ పొద దగ్గర ఇసుక నిలిచి తిన్నె కడుతుంది. 1960ల నుంచి హోటళ్ళు లేచి గాలి నడక మారింది. చూడవచ్చినవాళ్ళు పొదల్ని తొక్కారు, గాలి చాటుకని రాళ్ళు గుండ్రంగా పేర్చారు. ఇసుక తరిగిపోసాగింది. 2018లో అక్కడి పాలకులు, కొసకి చేరిన ఇసుకను లారీల మీద తిరిగి తూర్పుకు తెచ్చి పోయించడం, పొదలు నాటించడం, ఆ రాళ్ళు తీయించడం మొదలుపెట్టారు.

మీ పిల్లల దగ్గరకు వెళ్ళినప్పుడు అటు వెళ్ళే వీలు కలిగితే, గుర్తులు పెట్టిన దారిలోనే నడవండి. తప్పితే జరిమానా వేస్తారు. ఎండ తగ్గాక వెళ్ళండి, మంచినీళ్ళు దగ్గరుంచుకోండి. పొదల్ని ముట్టుకోకండి. తిన్న పొట్లాల కాగితాలు వెనక్కి తెచ్చుకోండి.

"ఒక్క సీసాడే కదే!" అన్నాను చివరికి.

"ఏటా లక్షలమంది వస్తారత్తయ్యా. వాళ్ళందరికీ నీలాంటి అత్తయ్యలుంటారు కదా!" అంది.

ఇప్పుడు మా షోకేసులో ఆ తిన్నెల ఫోటో ఉంది. చాలు.