పేరు వెనుక నున్న నేను

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతపు పల్లెలలో జరుగు పీర్ల పండుగ మీరెరిగినదే. క్రీ.శ. 680లో కర్బలాయందు అసువులు బాసిన ఇమాము హుసేనును స్మరించు ఆ దినములలో హిందువులును పీర్లకు మొక్కుదురు.

బడిపంతులుగా నున్నప్పుడు, నుదుట విభూతితో పీరు నెత్తిన యొక రైతును “నీదే మతము?” అని గద్దించితిని. “పీరు దించినంక చెప్తా, పంతులూ” అనెను. నేను సిగ్గుపడితిని.

కుండలోని యాకాశమును ఘటాకాశమందుము. కుండ పగిలినను ఆకాశము పగులదు. మతనామము కుండ, లోని యెరుక ఆకాశము. వేదాంతమున నేను చదివిన యీ సంగతి ఆతనికి చదువకయే తెలిసెను.

నేటి రాత్రి శయనించుటకు ముందు కులము, మతము, పేరు ప్రక్కనుంచి, “నేను” అను ఆ యెరుకను క్షణకాలము చూడుడు. ప్రొద్దున మీ యాచారములను యథాప్రకారము పాటింపుడు. పొరుగువానిని మాత్రము మతము పేర వేరుచేయకుడు.