స్వతంత్ర వెబ్ డెవలపర్ల పారితోషిక నిర్ధారణ: అనకాపల్లి నేపథ్యంలో ఒక పరిశీలన

కీలకపదాలు: ఫ్రీలాన్స్, వెబ్ డెవలపర్, గంటరేటు, కనిష్ఠ ధర, ఒప్పందం, అనకాపల్లి.

1. ఉపోద్ఘాతం

దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో అనకాపల్లి మార్కెట్ ఒకటి. అక్కడ దిమ్మ రంగును, నాణ్యతను బట్టి ధర పలుకుతుంది. ఒక రైతు సరుకు ఎంతకు పోయిందో పక్క రైతుకు తెలియడానికి ఎంతోసేపు పట్టదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాకేంద్రమైన ఇదే పట్టణంలో, ఇంటి నుంచే వెబ్‌సైట్లు రూపొందించే స్వతంత్ర డెవలపర్‌కు అటువంటి యార్డు లేదు. తోటి డెవలపర్ ఎంత తీసుకున్నదీ తెలియదు. తెలిసినా ఒకరి పని మరొకరి పనితో సరిపోలదు. నీతి ఆయోగ్ 2022 నివేదిక దేశంలో గిగ్ శ్రామికుల సంఖ్యను 2020-21కి 77 లక్షలుగా, 2029-30 నాటికి 2.35 కోట్లుగా అంచనా వేసింది. ధరను అంగడి చెప్పని ఇటువంటి వృత్తిలో మొదటి ఆధారం సొంత లెక్కల పుస్తకమే కావాలన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

2. కనిష్ఠ ధర

ఉద్యోగి జీతాన్ని పనిగంటలతో భాగించి రేటు చెప్పడం సులభమైన పద్ధతి. నెలకు 40,000 రూపాయలు, 25 రోజులు, రోజుకు 8 గంటలు అనుకుంటే గంటకు 200 రూపాయలు వస్తుంది. అయితే ఉద్యోగికి కంప్యూటర్‌ను, సెలవురోజు వేతనాన్ని, భవిష్యనిధి వాటాను సంస్థ సమకూరుస్తుంది. పైగా క్లయింటును వెతికిన గంటకు, కొటేషన్ రాసిన గంటకు, బాకీ కోసం ఫోన్ చేసిన గంటకు స్వతంత్ర డెవలపర్‌కు ఎవరూ చెల్లించరు. అసలు తేడా ఇక్కడే ఉంది.

ఉదాహరణకు, జీవనవ్యయం ఏడాదికి 4,80,000, మూడేళ్లు వాడే 75,000 రూపాయల ల్యాప్‌టాప్‌లో ఏటి వాటా 25,000, ఇంటర్నెట్, ఇన్వర్టర్ 24,000, ఆరోగ్యబీమా 25,000, సాఫ్ట్‌వేర్, హోస్టింగ్ 26,000, వృద్ధాప్యపు పొదుపు 60,000 అనుకుందాం. మొత్తం 6,40,000. ఏడాదికి 230 పనిదినాలలో 1,840 గంటలు. వాటిలో బిల్లు వేయగలిగేవి 60 శాతమైతే 1,104. అప్పుడు గంటకు సుమారు 580 రూపాయలు. ఆదాయపు పన్ను దీనికి అదనం. 200కూ 580కీ మధ్య దూరమే చాలామంది ‘పని ఉంది, డబ్బు లేదు’ అనడానికి కారణం.

కమిషన్ లెక్కలోనూ ఒక పొరపాటు జరుగుతుంది. ఫైవర్ వేదిక విక్రేత ఆదాయంలో 20 శాతం తీసుకుంటుంది. 580కి 20 శాతం కలిపి 696 అడిగితే చేతికి వచ్చేది 557 మాత్రమే. 580 మిగలాలంటే 725 అడగాలి. టి.డి.ఎస్. సంగతి వేరు. అది ఖర్చు కాదు, ముందుగా కట్టిన పన్ను. దానిని రేటులో కలపనక్కరలేదు. సేవల టర్నోవరు ఏడాదికి 20 లక్షలు దాటితే జి.ఎస్.టి. నమోదు అవసరమవుతుంది.

అనకాపల్లిలో ఇంటి అద్దె హైదరాబాదుకన్నా తక్కువ కనుక ధరా తక్కువగానే ఉండాలనే వాదన పూర్తిగా నిలవదు. అద్దెలో తేడా జీవనవ్యయంలో ఇప్పటికే చేరింది. సర్వర్ అద్దె, ల్యాప్‌టాప్ వెల ఎక్కడైనా ఒకటే. పైగా 580 అనేది దిగకూడని గీత మాత్రమే, అడగవలసిన ధర కాదు. బయటి క్లయింటుకు ఆ పని వల్ల కలిగే ప్రయోజనాన్ని బట్టి అంతకన్నా ఎంత ఎక్కువైనా అడగవచ్చు. ఊరి తక్కువ ఖర్చు వల్ల కలిగే లాభం మొదట డెవలపర్‌దే.

3. ఒప్పందం, వసూలు

స్థానిక వ్యాపారి గంటరేటు అడగడు, ‘వెబ్‌సైటుకు ఎంత?’ అంటాడు. అందువల్ల గంటరేటు లోపలి కొలతగా ఉండి, బయటకు మొత్తం ధర చెప్పవలసి వస్తుంది. 60 గంటల పనికి 34,800 రూపాయలు ఒప్పుకున్నాక మార్పులు, చేర్పులతో 90 గంటలు పడితే అసలు రేటు 387కు పడిపోతుంది. ఎన్ని పేజీలు, ఎన్నిసార్లు సవరణ, ఫొటోలు ఎవరివి, డొమైన్ పునరుద్ధరణ ఎవరి బాధ్యత అన్నవి ముందే రాసుకోకపోతే ఎంత జాగ్రత్తగా కట్టిన రేటైనా కాగితానికే పరిమితం.

వసూలుకు చట్టం కొంత అండనిస్తుంది. ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మసంస్థగా నమోదైన సేవాదారుకు, 2006 నాటి ఎం.ఎస్.ఎం.ఇ. అభివృద్ధి చట్టం ప్రకారం, కొనుగోలుదారు ఒప్పుకున్న గడువులో చెల్లించాలి. ఆ గడువు 45 రోజులకు మించరాదు. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ వర్తిస్తుంది. అయినా చిన్న ఊరిలో తెలిసిన దుకాణదారుపై ఫిర్యాదుకు వెళ్లేవారు అరుదు. కాబట్టి పని మొదలుపెట్టే ముందు మూడో వంతు, సైటు ప్రారంభానికి ముందు మిగతాది అనే షరతు చట్టంకన్నా ఎక్కువ అక్కరకు వస్తుంది.