బాపట్ల అంబాసిడరు అమెరికా వచ్చిన వైనం

క్రిందటి వేసవిలో మన సంఘం వనభోజనాలకు మేము నాన్నగారి అంబాసిడరులో రావడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ రోజు పులిహోర దగ్గరకన్నా కారు దగ్గరే జనం ఎక్కువ. పెద్దవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి వెనక సీట్లో కూర్చుని, ఆ తలుపు చప్పుడు వినడం కోసం రెండేసి సార్లు వేసి తీశారు. మర్నాటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. "డాక్టరుగారూ, మా మామగారి పద్మిని ఉంది, తెప్పించుకోవచ్చా?" అని ఒకరు, "జపాను నుంచి చిన్న వ్యాను తెస్తే ఇక్కడ నంబరు ఇస్తారా?" అని ఒకరు, "అసలిది చట్టం ఒప్పుకునే పనేనా?" అని మరొకరు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకసారి రాసెయ్యమన్నారు సంపాదకులు. మేము మందుల చీటీలు తప్ప వ్యాసాలు రాసి ఎరగం. తప్పులుంటే మన్నించాలి.

ముందుగా, చట్టం ఒప్పుకుంటుంది. అయితే కొత్త కారుకన్నా పాత కారు తేవడమే తేలిక. వినడానికి తలకిందులుగా ఉన్నా సంగతి అదే.

ఈ దేశంలో 1966లో వాహన భద్రతా చట్టం వచ్చింది. దాని కింద చేసిన భద్రతా ప్రమాణాలు 1968 జనవరి 1 నుంచి అమలయ్యాయి. ఇతర దేశాల్లో అమ్మకానికి తయారైన కార్లు ఈ ప్రమాణాల ప్రకారం ఉండవు. 1980ల మొదట్లో డాలరు బలంగా ఉన్నప్పుడు ఇక్కడివాళ్ళు జర్మనీలో చవగ్గా కార్లు కొని తెచ్చుకుని, మార్పులు చేయించి తిప్పుకునేవారు. 1985లో అలా వచ్చినవి 66 వేల పైచిలుకు. ఇక్కడ అధికారికంగా ఆ కార్లే అమ్ముకునే కంపెనీలు, డీలర్లు గోల పెట్టారు. మార్పులు సరిగా చేయని దుకాణాలూ ఉండేవి. చివరికి 1988లో కాంగ్రెసు కొత్త చట్టం చేసింది. దాని ప్రకారం తయారై 25 ఏళ్ళు నిండిన కారుకు భద్రతా ప్రమాణాలు వర్తించవు. నిండని కారు తేవాలంటే ప్రభుత్వం దగ్గర నమోదైన దిగుమతిదారు ద్వారానే తేవాలి. కారు విలువకు ఒకటిన్నర రెట్లు బాండు కట్టాలి. 120 రోజుల్లో ప్రమాణాలకు తగ్గట్టు మార్పించాలి. ఆ రకం కారు మార్పుకు వీలైనదని ప్రభుత్వం ముందే ఒప్పుకుని ఉండాలి కూడా. మామూలు సంసారికి ఇది అయ్యే పని కాదు. బిల్ గేట్సు అంతటివాడు తెప్పించుకున్న పోర్షా 959 కూడా ఏళ్ళ తరబడి కస్టమ్సు వారి దగ్గరే ఉండిపోయింది. 1999లో అరుదైన కార్లకు ప్రత్యేకంగా ఒక వెసులుబాటు పెట్టారు. దాని కింద వచ్చిన కారును ఏడాదికి 2,500 మైళ్ళకు మించి నడపరాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. 25 ఏళ్ళు అంటే మోడల్ సంవత్సరం కాదు, తయారైన నెల నుంచి లెక్క. 1989 ఆగస్టులో తయారైన నిస్సాన్ స్కైలైనుకు 2014 ఆగస్టులో గాని తలుపు తెరుచుకోలేదు. మన మిత్రులొకరు జపాను వ్యాను ఒకటి ముచ్చటపడి కొన్నారు. అమ్మినవాడు సంవత్సరం చెప్పాడు గాని నెల చెప్పలేదు. ఓడ దిగాక చూస్తే నాలుగు నెలలు తక్కువ! అలాంటప్పుడు కారును తిప్పి పంపెయ్యాలి, లేదా నాశనం చెయ్యాలి. అదృష్టం కొద్దీ కెనడాలో 15 ఏళ్ళు నిండితే చాలు. అక్కడ ఎవరికో నష్టానికి అమ్ముకుని బయటపడ్డారు.

రెండో గుమ్మం పర్యావరణ శాఖ. వాళ్ళకు 21 ఏళ్ళు చాలు. కాని కారు మొదట తయారైన తీరుగానే ఉండాలి, ముఖ్యంగా ఇంజను. మన వైపు అంబాసిడర్లలో ఎన్నింటికి మధ్యలో డీజిల్ ఇంజన్లు ఎక్కించారో, గ్యాసు సిలిండర్లు బిగించారో మీకు తెలుసు. పెట్రోలు ధర చూసి మెకానిక్కు మా నాన్నగారికీ అదే సలహా ఇచ్చాడు. "నాకు ఈ గుండె చాలు, దానికి ఆ గుండె చాలు" అని ఆయన ఒప్పుకోలేదు. ఆ మొండితనమే ఇన్నేళ్ళ తర్వాత మాకు అక్కరకొచ్చింది.

నాన్నగారు బాపట్లలో డాక్టరు. 1985లో ఆ కారు కొన్నారు. మాకన్నా అది రెండేళ్ళు పెద్దది. పగలు ఆస్పత్రి, సాయంత్రం చుట్టుపట్ల ఊళ్ళలో మంచం దిగలేని రోగులు. మేము ముందు సీట్లో సంచీ పట్టుకుని కూర్చునేవాళ్ళం. గుంటూరులో వైద్యం చదవడానికి మమ్మల్ని దింపిందీ, హైదరాబాదు విమానాశ్రయానికి సాగనంపిందీ ఆ కారే. 2021 మేలో నాన్నగారికి జ్వరం వచ్చినప్పుడు డ్రైవరు ఆయన్ని ఆ వెనక సీట్లోనే పడుకోబెట్టి గుంటూరు తీసుకెళ్ళాడు. రెండు చోట్ల మంచం లేదన్నారు, మూడో చోట దొరికింది. ఆ నెలంతా మేము ఇక్కడ ఐ.సి.యు. డ్యూటీలో ఉన్నాం. వెళ్ళలేకపోయాం. అంతకుమించి రాయలేం.

ఏడాది తర్వాత అమ్మ కారును పాతసామాన్లవాడికి ఇచ్చేస్తానంది. మేము వద్దని, ఇక్కడికి తెస్తామన్నాం. అమ్మ కాసేపు ఊరుకుని, "తెచ్చుకో. కాని అక్కడ అది ఎవర్ని చూడ్డానికి వెళ్తుందిరా?" అంది.

ఇక పనులు. ఆర్.సి. పుస్తకం ముందు వారసుల పేరుకు మార్పించాలి. రవాణా ఆఫీసులో 31వ నంబరు ఫారం ఉంటుంది. పాత కారు మీద తయారీ నెల కనిపించకపోతే, 25 ఏళ్ళ క్రిందటే రిజిస్టరైనట్టు చూపే పాత కాగితాలే సాక్ష్యం. మా పుస్తకంలో 1985 నాటి ముద్ర చెక్కుచెదరకుండా ఉంది. అట్టలో నాన్నగారు పెట్టుకున్న టైర్ల రసీదులు కూడా ఉన్నాయి.

కారు కింది భాగానికి ఒక్క మట్టి బెడ్డ అంటి ఉండకూడదు. మట్టితో పాటు పురుగులు, తెగుళ్ళు వస్తాయని ఇక్కడి వ్యవసాయ శాఖ భయం. ఆవిరితో కడిగించాలి. ముప్పయి ఏడేళ్ళు ఆ పొలంగట్ల మీద తిరిగిన కారు మడ్‌గార్డుల్లోంచి ఎంత మట్టి రాలిందో! డ్రైవరు ఒక డబ్బాడు ఎత్తి మా పెరట్లో జామచెట్టు మొదట్లో పోశాడట. ఖాళీగా వస్తోంది కదా అని కారులో సామాన్లు పెట్టకండి. పెట్టవద్దనే కస్టమ్సు వారూ చెబుతారు. అమ్మ డిక్కీలో రెండు జాడీల ఆవకాయ సర్దింది. ఫోన్లో బతిమాలి తీయించాం.

చెన్నైలో పెట్టెలోకి ఎక్కించారు. ఓడకు ఎత్తడానికి 24 గంటల ముందే ఇక్కడి కస్టమ్సుకు సరుకు వివరాలు పంపాలి. ఇది మరిచిపోతే జరిమానా. కాబట్టి ఒక కస్టమ్సు బ్రోకరును పెట్టుకోవడమే మేలు. ముఖ్యమైన ఫారాలు మూడు. భద్రతా శాఖకు హెచ్.ఎస్.-7, పర్యావరణ శాఖకు 3520-1, కస్టమ్సుకు 7501. మేము తెచ్చిన 2023లో మామూలు కారు మీద సుంకం నూటికి రెండున్నర. చిన్న ట్రక్కు అయితే 25. ఇది 1964లో కోళ్ళ వ్యాపారం మీద యూరోపుతో వచ్చిన తగాదాలో వేసిన సుంకం, ఇంకా పోలేదు. 2025 నుంచి సుంకాలు తరచూ మారుతున్నాయి. కారు ఎక్కించే ముందు ఎంత ఉందో బ్రోకరును అడగండి. ఓడ కిరాయి మాత్రం కారు ఖరీదుకు ఎన్నో రెట్లు అయింది. లాభనష్టాలు చూసుకునేవారు ఈ పని పెట్టుకోకూడదు.

ముద్రపడిన ఆ కాగితాలన్నీ భద్రంగా దాచండి. రాష్ట్రం వారు నంబరు ఇచ్చేటప్పుడు అడుగుతారు. కేంద్రం ఒప్పుకున్నంత మాత్రాన రాష్ట్రం ఒప్పుకోవాలని లేదు. జపాను చిన్న ట్రక్కులను మెయిన్, జార్జియా వంటి రాష్ట్రాల్లో నిరాకరించారు, టెక్సాసులో 2024లో ఒప్పుకున్నారు. కాలిఫోర్నియాలో పొగ పరీక్షలు మరీ గట్టివి. కొనకముందే మీ రాష్ట్రం ఆఫీసులో అడగండి.

తిరుగు ప్రశ్న కూడా కొందరు వేశారు: ఇక్కడి కారు ఇండియా తీసుకుపోవచ్చా అని. అక్కడ పద్ధతి సరిగ్గా దీనికి ఎదురు. మామూలుగా వాడిన కారు మూడేళ్ళకు మించి పాతదై ఉండకూడదు, స్టీరింగు కుడివైపే ఉండాలి. సుంకం చూస్తే కారు ఇక్కడే అమ్ముకోబుద్ధవుతుంది.

ఇప్పుడు డాక్టరుగా ఒక మాట. 25 ఏళ్ళు నిండితే కారు క్షేమమైనదని చట్టం అనడం లేదు, ఇక అడగనంటోంది, అంతే. అంబాసిడరు 1950ల నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డు మూసలో పోసినది. గుద్దుకుంటే ముడుచుకునే స్టీరింగు కడ్డీ లేదు, గాలి సంచులు లేవు. ఇండియాలో కొత్త కార్ల ముందు సీట్లకు బెల్టులు తప్పనిసరి అయింది 1994లో. మా దానికి అసలు లేవు. స్టీరింగు ఛాతీకి తగిలితే ఏమవుతుందో ఎమర్జెన్సీలో చూసినవాళ్ళం. ముందు సీట్లకు బెల్టులు వేయించాం. హైవే ఎక్కం. వనభోజనాల నాడు మా పిల్లలు వేరే కారులో ఎందుకొచ్చారని కొందరు అడిగారు, కారణం ఇదే. నాన్నగారి సంచీ పట్టుకుని మేము కూర్చున్న సీట్లో మా పిల్లల్ని కూర్చోబెట్టలేకపోవడం మాకు కష్టంగానే ఉంది. కాని ఈ విషయంలో మాకు రెండో ఆలోచన లేదు. మీరు తెచ్చుకున్నా అలాగే చెయ్యండి.

క్రిందటి నెల మన సంఘంలోని పెద్దావిడ ఒకరు మోకాళ్ళ నొప్పితో గడప దాటలేకపోతున్నారంటే, నాలుగు వీధులే కదా అని అంబాసిడరులో వెళ్ళి చూసి వచ్చాం. ఆవిడ కిటికీలోంచి కారు చూసి, "ఏ ఊరి డాక్టరుగారు బాబూ?" అన్నారు. ఆ రాత్రి అమ్మకు ఫోన్లో చెప్పాం. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వెళ్ళేముందు రేడియేటర్లో నీళ్ళు చూసుకున్నావా?" అంది.

మేము నింపిన ఫారాల నకళ్ళు మా దగ్గర ఉన్నాయి. కావలసినవారు వచ్చే నెల సమావేశంలో అడిగితే ఇస్తాం.